మునెమ్మ ఇచ్చిన కీ

గొప్పలు చెప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. అందులోనూ వాచీల మాట వస్తే నన్ను ఆపడం ఎవరితరమూ కాదు. నా కొడుకు మనోజ్‌కు పిల్లను చూడడానికి ఆమడగూరు పోయినప్పుడు కూడా, పిల్ల పేరు అడగకముందే, ‘పద్నాలుగేళ్ళు వాచీలు చేసిన చేతులమ్మా ఇవి’ అని కాబోయే కోడలికి నా చేతులు చూపించాను. వాళ్ళమ్మ మునెమ్మ నవ్వి, తన చేతికున్న చిన్న వాచీ చూపించి, ఇది మీరు చేసిందేనేమో వదినా అంది. అంతే, ఆ ఇంటితో సంబంధం నాకు అక్కడికక్కడే ఖాయమైపోయింది.

నిజం చెప్పాలంటే పద్నాలుగేళ్ళలో నేను ఒక్క వాచీ కూడా చేయలేదు. గౌరిబిదనూరు దగ్గర ఒక షెడ్డు ఉండేది. ఆడవాళ్ళ చేతివాచీల లోపలి మిషను అక్కడ బిగించేవాళ్ళం. హిందూపురం నుంచి రోజూ రైల్లో పోయి వచ్చేదాన్ని. పొడుగాటి బల్ల, పన్నెండు మంది ఆడవాళ్ళు, ఒక్కొక్కరికి ఒక్కొక్క పని. నాది బ్యాలెన్స్. అంటే వెంట్రుకలాంటి స్ప్రింగుతో అటూ ఇటూ ఊగే బుల్లి చక్రం. దాన్ని దాని చోట కూర్చోబెట్టి, ఊగిందా లేదా చూసి, పళ్ళాన్ని పక్కకు తోసేదాన్ని. నా ఎడమ పక్క చిలమత్తూరు నరసక్క. ఆమెది ఫోర్క్. లోపల చుట్టుకుని ఉన్న పెద్ద స్ప్రింగు బలం ఒక్కసారిగా బయటపడకుండా, చక్రాలను పట్టి పట్టి వదిలేది ఆ ఫోర్కే. నరసక్క ముందు ఏం జరుగుతుందో, నా తర్వాత ఏం జరుగుతుందో నాకు అక్కర్లేదు. బల్ల మీద నా జానెడు చోటే నా లోకం.

మునెమ్మ పోయిన ఏడాది చనిపోయింది. అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు ఉడకబెడుతూ పొయ్యి దగ్గరే కూలబడింది. ఆసుపత్రిలో ఆమె చేతి నుంచి తీసేసరికి వాచీ ఆగిపోయి ఉంది. మనిషితో పాటు వాచీ కూడా పోయిందని చుట్టాలందరూ కళ్ళు తుడుచుకున్నారు. అదంతా ఉత్త మాట. ఏళ్ళ తరబడి సర్వీసు లేక లోపల నూనె జిగురైపోతుంది. కింద పడిన అదురుకి ఆగి ఉంటుంది. ఈ మాట అక్కడే అనబోతే మనోజ్ నా చెయ్యి గిల్లాడు.

సంవత్సరీకం ఇంకా ఎనిమిది రోజులుందనగా కోడలు కల్పన ఆ వాచీని నా దగ్గరికి తెచ్చింది. మేమిప్పుడు పెనుకొండలో ఉంటున్నాం. కొడుకూ కోడలూ ఇద్దరూ ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీకి పోతారు. కల్పన డ్యూటీ బట్టలతోనే వచ్చి నా ముందు కూర్చుంది. రుమాలు విప్పింది. వాచీని తను ఏడాదిగా ముట్టుకోలేదని, వాళ్ళమ్మ రోజూ పొద్దున పొయ్యి ముట్టించగానే దానికి కీ ఇచ్చుకునేదని, ఆ రోజు కూడా ఇచ్చుకుని పోయిందని చెప్పింది.

“అమ్మ ఇచ్చిన కీ లోపల అట్లే ఉండాదత్తా. ఇప్పుడే కీ బొడిపె కొంచెం తిప్పి చూస్తే బిగదీసుకుని ఉండాది. కొత్తగా కీ ఇయ్యొద్దు. దాంతోనే నడిచేట్ల చెయ్యి. సంవత్సరీకం పొద్దు అది అమ్మ ఇచ్చిన కీతోనే నడుస్తా నా చేతికి ఉండాల.”

“దానిదేముందమ్మీ, రెండు రోజుల పని” అన్నాను నేను. నా నోట్లో మన్ను పడ.

మరుసటి రోజు వాళ్ళిద్దరూ డ్యూటీకి పోగానే కిటికీ కింద తెల్లగుడ్డ పరిచి కూర్చున్నాను. పాత ఐగ్లాసు కంట్లో పెట్టుకుని వెనక మూత తీశాను. తీయగానే కడుపు నిండినట్టయింది. మా షెడ్డు మిషనే! నా బ్యాలెన్సే! నేను కూర్చోబెట్టిందో, నా తర్వాత ఎవరు కూర్చోబెట్టిందో కానీ, మా బల్ల మీది నుంచి పోయిందే. బ్యాలెన్స్ విప్పి తీశాను. ఏమీ కాలేదు. పెట్రోల్లో ముంచి, ఆరబెట్టి, మళ్ళీ కూర్చోబెట్టాను. ఊగలేదు. అటొకసారి, ఇటొకసారి కదిలి నిలిచిపోయింది. అంటే అడ్డం ఇంకా లోపల ఉంది. ఫోర్క్ దగ్గర నూనె పచ్చగా గోందులా కనిపిస్తోంది. సరే, బ్యాలెన్స్ మళ్ళీ తీశాను. ఫోర్క్ మీది రేకుకున్న మర కూడా విప్పాను. రేకు లేపాను. ఫోర్క్‌ను ట్వీజర్‌తో అలా పట్టుకున్నాను, అంతే.

జుర్రుమని ఒక చప్పుడు. చక్రాలన్నీ కంటికి కనిపించకుండా తిరిగాయి. రెండు మూడు క్షణాలు. తర్వాత టిక్కుమని ఏదో విరిగి, అన్నీ నిలిచిపోయాయి.

నాకు వెంటనే అర్థం కాలేదు. బొడిపె పట్టుకుని కొంచెం తిప్పాను. వదులుగా తిరిగింది. బిగువు లేదు. మునెమ్మ తన చేత్తో ఇచ్చిన కీ, ఏడాది పాటు ఆ చీకట్లో చుట్ట చుట్టుకుని కూర్చున్న కీ, నా కళ్ళముందే జుర్రుమని పోయింది. అది చాలదన్నట్టు చిట్టచివరి చక్రం పక్కకు ఒరిగి ఉంది. దాని మొన విరిగింది.

సాయంత్రం కల్పన వచ్చీ రాగానే అడిగింది. అయితాంది, పని జరుగుతాంది అన్నాను. కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతూనే ఉన్నాను. ఉతికిన బట్టలు మళ్ళీ ఉతికాను. కల్పన నా వైపు చూసి, అమ్మ వాచీతో నీకు కష్టమైతాందా అత్తా, తలనొప్పైతే రేపు చేద్దువులే అంది. ఆ మంచి మాట నన్ను ఇంకా కాల్చింది. తిట్టినా బాగుండేది.

రెండో రోజు మొదటి రైలుకే హిందూపురం పోయాను. సంచిలో మునెమ్మ వాచీ, దాంతో పాటు నా వాచీ. నా వాచీ అంటే షెడ్డు వాళ్ళు నాకు ఇచ్చిన బహుమతి. పని బాగా చేశానని, పదేళ్ళకు, అందరి ముందర చప్పట్లు కొట్టి ఇచ్చారు. లోపల అదే మిషను. చేతులు ఊరుకోక దారి పొడుగునా దానికి కీ తిప్పుతూనే ఉన్నాను. హిందూపురం వచ్చేసరికి అది నిండిపోయి ఇక తిరగనంది.

బజారులో వాచీల దేవప్ప కొట్టు నాకు పాతికేళ్ళుగా తెలుసు. ఇప్పుడు కొట్టు నిండా సెల్‌ఫోన్ కవర్లే. దేవప్ప ఐగ్లాసు పెట్టుకుని చూసి, చివరి చక్రం మొన పోయిందమ్మా అన్నాడు. నా వాచీలోని చక్రం దీంట్లో వేయమన్నాను. మా నాయన ఉండింటే వేసేవాడు, నేను బ్యాటరీ మార్చేవాణ్ణి తల్లీ, ఇందులో వేలు పెడితే రెండూ పోతాయి అన్నాడు. కావాలంటే లోపలిదంతా తీసి బ్యాటరీ మిషను పెడతాడట. పైకి ఎవరికీ తెలియదట. ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం, ఆ మాట నాకు రుచించింది. తర్వాత నా మీద నాకే రోత పుట్టింది. వాచీ నూనె రెండు చుక్కలు చిన్న సీసాలో, కొంచెం పెట్రోలు ఇంకో సీసాలో పోయించుకుని వచ్చేశాను.

ఫోర్క్ సంగతి తెలిసిన మనిషి నాకు తెలిసి ఒక్కతే ఉంది. ఆమెతో మాట్లాడి ఇరవై రెండేళ్ళయింది.

టికెట్ ధర్మవరానికే తీశాను. అయినా మనసు ఒక చోట నిలవలేదు. రైలు పెనుకొండలో ఆగితే లేచి సంచి భుజాన వేసుకుని తలుపు దాకా వచ్చాను. ఇల్లు ఇక్కడే. దిగిపోయి, ముసుగు తన్ని పడుకోవచ్చు. వెనకనున్న మనిషి దిగుతావా లేదామ్మా అని కసిరాడు. లేదప్పా అని వెనక్కి వచ్చి కూర్చున్నాను. అప్పటికే నా సీటులో ఇంకెవరో కూర్చున్నారు. ధర్మవరం దాకా నిలబడే పోయాను, అదీ మంచిదే అయింది, కూర్చునే స్థితిలో లేను.

నరసక్క ధర్మవరంలో కూతురింట్లో ఉందని, మగ్గాల ఇళ్ళలో పోగులు అతుకుతుందని ఎప్పుడో ఎవరో చెప్పారు. అంటే మగ్గం మీద పాత పట్టు అయిపోగానే, కొత్త దాని వేల పోగులను పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టడం. నాలుగు సందులు తిరిగి, ఆరుగురిని అడిగి, ఇల్లు పట్టుకునేసరికి ఎండ నెత్తికెక్కింది. గడప అవతల మగ్గం ముందు కూర్చుని ఉంది. తల పూర్తిగా నెరిసింది. వేళ్ళు మాత్రం అవే. పోగు తర్వాత పోగు, ఒక్కటీ తప్పకుండా. నన్ను చూసింది. లేవలేదు. వరస అయ్యేదాకా అతుకుతూనే ఉంది.

నేను నిలబడే చెప్పడం మొదలుపెట్టాను. మునెమ్మ, వాచీ, కీ, జుర్రుమన్న చప్పుడు, అంతా. ఆమె రెండు వాచీలూ తీసుకుని అద్దాలు పెట్టుకుని వాకిట్లో వెలుగుకు తిప్పి చూసింది. చూసి నా వైపు చూసింది.

“కీ దించకుండా ఫోర్క్ ముట్టుకున్నావా?”

తల ఊపాను. చుట్టుకున్న స్ప్రింగును ముందే వదులు చేసే ఆ పని నా బల్ల దగ్గర ఎప్పుడూ లేదు. బ్యాలెన్స్ తీస్తే ఫోర్క్ పట్టుకునే ఉంటుంది, ఏమీ కాదు. ఫోర్క్ తీస్తే ఏమవుతుందో పద్నాలుగేళ్ళు దాని పక్కనే కూర్చున్నా నేను ఒక్కసారి కూడా అడగలేదు.

నరసక్క నా వాచీ వెనక మూత తీసి, దాన్ని నా చేతిలో పెట్టింది. బొడిపెను రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకోమంది. తను ఒక పుల్ల మొనతో, కీ వెనక్కి పోకుండా ఆపే లోపలి పంటిని నొక్కి పట్టుకుని, ఇప్పుడు మెల్లగా వదులు, వేళ్ళు తియ్యొద్దు అంది.

బొడిపె నా వేళ్ళ మధ్య వెనక్కి తిరిగింది. నేను తిప్పలేదు. అదే తిరిగింది. కొంచెం వదిలితే కొంచెం. రైల్లో నేను ఇచ్చిన కీ అంతా, చుట్టు తర్వాత చుట్టు, నా వేళ్ళను నెట్టుకుంటూ తిరిగి వస్తోంది. చంటిబిడ్డ గుప్పిట్లో వేలు పెట్టి లాక్కుంటే వదలకుండా పట్టుకుంటుందే, అంత బలం, అంత మెత్తన.

అప్పుడు అర్థమైంది నాకు, నేను ఏం చేశానో.

“కీ దించకుండా యా వాచీ సర్వీసు కాదే ఈశ్వరీ” అంది నరసక్క. “ఆ యమ్మ ఇచ్చిన కీ ఎట్లైనా పోవాల్సిందే. నేను చేసినా పోతాది. కానీ ఆ పిల్లను పిలిచి, బొడిపె ఆ పిల్ల చేతికిచ్చి దించింటే…”

ఆ మాట ఆమె పూర్తి చేయలేదు. చేయాల్సిన పనీ లేదు. కల్పన వేళ్ళను వాళ్ళమ్మ కీ అలా నెట్టుకుంటూ, ఒక్కొక్క చుట్టూ తిరిగి వచ్చేది. ఏడాది కింద ఆమె తిప్పింది, ఈ రోజు ఈ పిల్ల వేళ్ళలోకి. దాన్ని నేను జుర్రుమనిపించి గాల్లో కలిపేశాను. చీరె కొంగు నోట్లో కుక్కుకుని ఆ వాకిట్లోనే ఏడ్చాను. నరసక్క ఊరుకోబెట్టలేదు. ఏడుపు అయ్యేదాకా చూసి, పోయి చేతులు కడుక్కో పో, సబ్బుతో అంది.

సబ్బు అన్న మాటకు నా కాళ్ళు కదలలేదు.

ఇరవై రెండేళ్ళ కింద ఇరవై నాలుగు వాచీలు షెడ్డుకు తిరిగొచ్చాయి, ఆగిపోతున్నాయని. అవి బిగించిన పొద్దు ఆలస్యమై, రైల్లోనే తలకు కొబ్బరినూనె రాసుకుని జడ వేసుకుని, చేతులు సరిగ్గా కడుక్కోకుండా బల్ల ముందు కూర్చున్నది నేను. వెంట్రుకలాంటి స్ప్రింగుకు వేలి నూనె తగిలితే చుట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అది నాకు తెలుసు. సూపర్‌వైజరు అడిగితే, ఫోర్క్ సరిగా పట్టుకోవడం లేదు సార్, నా దగ్గరికి వచ్చేటప్పుడే అట్ల వస్తాండాయి అన్నాను. నరసక్కను బల్ల నుంచి తీసి అట్టపెట్టెలు అంటించే చోట వేశారు. ఆమె మూడు నెలలు అంటించి మానేసింది. ఆ మరుసటి ఏడాదే నాకు చప్పట్లు, బహుమతి వాచీ.

ఇదంతా ఆమె ముందు నోరు విప్పి చెప్పాను.

“నాకు ఆ పొద్దే తెలుసు” అంది నరసక్క. “నీ పళ్ళెం కొబ్బరినూనె వాసన కొడ్తాండె. నువ్వే చెప్తావని చూస్తి. పెట్టెలంటిస్తా మూడు నెల్లు చూస్తి.”

నన్ను క్షమించు అక్కా అన్నాను. అవన్నీ నాకొద్దు, ముందు చేతులు కడుక్కో అంది.

కడుక్కుని వచ్చాక వాకిట్లో పీట వేసి ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఆమె ఎడమన, నేను కుడిన. ఎవరూ అనుకుని కూర్చున్నది కాదు. రెండు వాచీలూ విప్పింది. నా బహుమతి వాచీ నుంచి చివరి చక్రం తీసింది. మునెమ్మ వాచీ ముక్కలన్నీ పెట్రోల్లో కడిగింది. ఇరుసులు నిలిచే ఎర్రరాళ్ళ గుంతలను చెక్కిన పుల్లతో ఒక్కొక్కటీ తిప్పి తుడిచింది. చక్రాల వరస మాత్రం ఇద్దరికీ సగం సగమే తెలుసు. నా వాచీ విప్పేటప్పుడు ఏది దేని కింద ఉందో చూసి, దానిలాగే పేర్చాం. రెండుసార్లు తప్పు పేర్చి, ఒకరినొకరు కసురుకుని, మళ్ళీ తీశాం. సూదిమొనతో నూనె, ఒక్కో చోట ఆవగింజలో పదో వంతు. ఆఖరికి ఫోర్క్ ఆమె పెట్టింది. పెట్టి, పళ్ళాన్ని చూడకుండానే కుడి వైపుకు తోసింది, షెడ్డులో తోసినట్టే.

“తీస్కో. నీది.”

ట్వీజర్ అందుకున్నాను. బ్యాలెన్స్ పోయి దాని చోట అది కూర్చుంది. చూద్దామని బొడిపె ఒక్క చుట్టు తిప్పబోతే నరసక్క నా మణికట్టు పట్టుకుంది. అది ఆ పిల్ల పని, నీది కాదు అంది. బదులుగా పుల్లమొనతో బ్యాలెన్స్‌ను అంటీ అంటకుండా తాకింది. అది తేలిగ్గా, చాలాసేపు ఊగింది. చాల్లే, ఇది నడుస్తాది అంది.

లేచేటప్పుడు నా బహుమతి వాచీని ఆమె ముందు పెట్టి, ఇది నీకు రావాల్సింది అన్నాను. చక్రం తీసేసిన వాచీ ఎవరికి కావాల తీస్కపో అని నా సంచిలో పడేసింది. గడప దాకా రాలేదు. మళ్ళీ మగ్గం దగ్గర కూర్చుని పోగులు చేతిలోకి తీసుకుంది. నేను సందు మలుపు తిరుగుతుంటే మాత్రం, ఆ పిల్ల ఏమన్నదో ఫోన్ చేసి చెప్పు అని అరిచి, నంబరు ఎవరి దగ్గర అడగాలో చెప్పింది.

తిరుగు రైల్లో ఒక పాడు ఆలోచన నన్ను పెనుకొండ దాకా పీడించింది. ఇప్పుడు కీ ఇచ్చి, నడుస్తున్న వాచీని కల్పన చేతిలో పెడితే? ఇదిగో మీ అమ్మ ఇచ్చిన కీనే అంటే? ఆ పిల్లకు ఎప్పటికీ తెలియదు. సంతోషిస్తుంది. నన్ను నెత్తిన పెట్టుకుంటుంది. ఇరవై రెండేళ్ళ కింద కూడా ఇట్లాగే అనుకున్నాను, ఎవరికీ తెలియదని.

ఇంటికి పోగానే, చెప్పులు కూడా విడవకుండా, కల్పనకు అంతా చెప్పేశాను. దించాల్సిన కీని ఎట్లా పోగొట్టానో, చక్రం ఎట్లా విరిగిందో, పద్నాలుగేళ్ళు నేను వాచీలు చేయలేదని, ఒక్క చక్రం మాత్రం పెట్టానని. ఎట్లైనా పోవాల్సిందే అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అది కూడా చెప్పాను, కానీ దాంతో పాటే, అది నీ వేళ్ళలోకి రావాల్సిందమ్మీ, నేను రానీలేదు అని కూడా చెప్పాను. కల్పన వాచీ తీసుకుని గదిలోకి పోయింది. ఆ తర్వాత ఆరు రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. కూర వడ్డించేది, నీళ్ళు పెట్టేది, పోయేది. ఆ ఆరు రోజులూ నేను ఎక్కడా రెండు నిమిషాలు కూర్చుని ఎరగను.

సంవత్సరీకం రోజు పొద్దున నేను పొయ్యి ముట్టిస్తుంటే కల్పన వంటింట్లోకి వచ్చింది. తలస్నానం చేసిన జుట్టు తడిగానే ఉంది. చేతిలో వాచీ.

“అది ఎట్ల దించేదో నాకు చూపించత్తా.”

నిండుగా కీ ఇచ్చుకోమన్నాను. ఎన్ని చుట్లు అని అడిగింది. అమ్మ రోజూ తిప్పుతుంటే చూశాను గానీ ఎప్పుడూ లెక్కపెట్టలేదు అంది. లెక్క అక్కర్లేదు, చాలని అదే చెప్తుంది అన్నాను. తిప్పింది. బొడిపె నిలిచింది. లోపల టిక్కుటిక్కుమని మొదలైంది. ఏడాది తర్వాత ఆ చప్పుడు విని కల్పన కళ్ళు మూసుకుంది. నేను మూత తీసి, పుల్లతో పంటిని నొక్కి పట్టాను. బొడిపె ఆమె వేళ్ళ మధ్య. వదులు, మెల్లగా అన్నాను.

వేళ్ళలో అది కదలగానే కల్పన ఉలిక్కిపడింది. కానీ వదలలేదు. చుట్టు తర్వాత చుట్టు రానిచ్చింది. కన్నీళ్ళు గడ్డం మీద నుంచి కారుతున్నా తుడుచుకోలేదు. చివరి చుట్టు కూడా వచ్చేసి బొడిపె ఊరుకున్నాక కూడా దాన్ని అట్లాగే పట్టుకుని ఉంది.

ఇంకొకసారి ఆశ పెట్టకూడదని, “అది నువ్విచ్చిన కీనే అమ్మీ, మీ అమ్మది కాదు” అన్నాను.

“తెలుసత్తా. నువ్వు చెప్పినావు గదా” అంది కల్పన. కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచి కీ ఇచ్చుకుని, వాచీ కట్టమని చెయ్యి నా ముందుకు చాపింది.